మిల్లు గుడ్డలు

చొక్కా దులిపేటప్పుడు గాలికి వీపు పెట్టి నిలబడాలని లిదియమ్మకు అత్త శీనమ్మ నేర్పింది. పెళ్లయి ఆత్మకూరు వచ్చిన కొత్తలో నేర్చుకున్న మొదటి పని అదే. భర్త యేసురత్నం పలుగురాళ్లను పిండి కొట్టే మిల్లులో పని చేస్తాడు. ఆ పిండి పట్టిన గుడ్డల్ని అలాగే తడిపితే కుట్లలో సున్నంలా పట్టుకుంటుంది. వదిలించాలంటే బిందెలకు బిందెలు నీళ్లు కావాలి. వీధి పంపు దగ్గర నిలబడి తెచ్చుకునే నీళ్లు వంటకే చాలవు. అందుకని ముందు దులపాలి. వీపు పెట్టినా గాలి ఒక్క తీరుగా ఉండదు కదా, సగం పిండి తిరిగి ఆమె ముఖానికే వచ్చేది. కొంగుతో తుడుచుకుని, ఒకసారి దగ్గి, ప్యాంటు అందుకునేది.

ఎనభై మూడులో కంపెనీ తన మిల్లులన్నిటిలో, ఆత్మకూరులోనూ ఉదయగిరిలోనూ కలిగిరిలోనూ, కొత్త పద్ధతులు పెట్టింది. నెల్లూరు నుంచి రాజమోహన్ అనే సేఫ్టీ ఆఫీసరు వచ్చాడు. రాయి నలిగే చోట నీళ్లు చిమ్మే పైపులు పెట్టించాడు. మనిషికొక మాస్కు, రెండు జతల ఖాకీ గుడ్డలు ఇప్పించాడు. సోమవారం ఉతికిన గుడ్డలతో రాకపోతే గేటు దగ్గరే ఆపేస్తారు. లిదియమ్మ మనస్ఫూర్తిగా దేవుడికి స్తోత్రం చెప్పుకుంది. మామ ఆ మిల్లులోనే పని చేసి, రొమ్ము పట్టేసి, ఎండుకుపోయి చనిపోయాడు. తన భర్తకు ఆ గతి పట్టదులే అనుకుంది.

ఒక సాయంత్రం యేసురత్నం మాస్కు మెడలో వేలాడేసుకుని వచ్చాడు. ఖాకీ గుడ్డలు విప్పి ఆమె చేతికిచ్చి, లుంగీ కట్టుకుని వాకిట్లో మంచం మీద కూర్చున్నాడు.

“ఇయ్యాల ఆఫీసరు మీటింగు పెట్టినాడు. ఆ దుమ్ము లోపలికి పోతే మళ్లా బయటికి రాదంట. ఊపిరితిత్తులు రాయి మాదిరి గట్టిపడిపోతాయంట.”

లిదియమ్మ ఎత్తిన చొక్కా ఎత్తినట్టే పట్టుకుని ఆగింది.

“ఏ దుమ్మయ్యా?”

“ఇదే,” అని ఆమె చేతిలోని చొక్కాను చూపించాడు. “గెట్టిగా దులుపు. పోయిన వారం కాలరు తెల్లంగా ఉండాదని మేస్త్రీ తిట్టినాడు.”

“అయితే నాకూ ఒక మాస్కు అడగరాదా?”

యేసురత్నం నవ్వాడు. “నువ్వేంది, కంపెనీ మనిషివా? నీకేమన్నా హాజరు ఏస్తా ఉండారా ఆడ?”

లోపలి నుంచి శీనమ్మ అందుకుంది. “మీ మామవి నేను దులపలేదా? నాకేమైంది ఇప్పుడు?” ఆ మాట మీదే దగ్గు తెర వచ్చి, మంచం పట్టె పట్టుకుంది.

అన్నం వారుస్తున్నంతసేపూ ఆ మాటే లిదియమ్మ లోపల తిరిగింది. కంపెనీ మనిషి. దేనికి భయపడి మిల్లులో అతను ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాడో, దాన్నే తను ఇంటి ముందర ఉత్త ముఖంతో పీలుస్తోంది. సోమవారం గేటు దగ్గర మెరిసే ఖాకీ చొక్కా కంపెనీ శుభ్రత అయితే, శనివారం వాకిట్లో లేచే పిండి ఎవరిది? ఈమధ్య ఆదివారం ఆరాధనలో పాట సగంలో ఆపి ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. వయసేమో అనుకుంది. ముప్పై నిండని మనిషికి ఏం వయసు? ఇలా అడగడం గర్వమవుతుందా ప్రభువా అనుకుంది. ఆదాము ముక్కులో నువ్వు ఊపిరి ఊదినట్టు రాసుంది. హవ్వ ముక్కులో ఊదినట్టు నేనెక్కడా చదవలేదు. అయినా ఆమె ఊపిరి లేకుండా బతకలేదు కదా. ఆ ఊపిరీ నువ్విచ్చిందే కదా.

ఆ శనివారం ఆమె పంపు నుంచి బిందెతో వచ్చేసరికి వాకిట్లో టపటపమని చప్పుడు వినిపించింది. కూతురు రూతు బండరాయి ఎక్కి, తండ్రి ప్యాంటును రెండు చేతులా పట్టుకుని దులుపుతోంది. పక్కన శీనమ్మ చెబుతోంది.

“గాలికి ఈపు పెట్టమ్మే. రేపు నీ మొగుడు ఏ మిల్లులో ఉంటాడో ఏమో.”

“ఇట్టనా అవ్వా?” అంటూ రూతు ఇటు తిరిగింది. బిడ్డ కనురెప్పలు తెల్లగా ఉన్నాయి.

లిదియమ్మ బిందె దించింది. ప్యాంటు తీసుకుని, మిగతా ఖాకీ గుడ్డలతో కలిపి, వాకిలి దాటి కంచె మీద వేసింది. తెచ్చిన బిందె నీళ్లన్నీ బిడ్డ ముఖం కడగడానికే వాడింది.

సోమవారం పొద్దున యేసురత్నం దండెం మీద వెతికి, కంచె దాకా వెళ్లి, తిరిగి వచ్చాడు.

“ఉతకలేదేంది? నన్ను గేటు కాడనే నిలబెడతారే.”

“నిలబెట్టనీ. ఎందుకు ఉతకలేదని అడిగితే, మా ఇంట్లో కంపెనీ మనుషులు ఎవురూ లేరని చెప్పు.”

అతను మళ్లీ కంచె దాకా నడిచాడు. గుడ్డలు చుట్టి చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

“మొగుడి పని పోగొట్టేదాకా నిద్రబట్టదే నీకు,” అంది శీనమ్మ.

నిజంగానే పని పోతే? పగలంతా లిదియమ్మ అదే అనుకుంది. వాకిలి తడిపి ఊడ్చింది. మళ్లీ ఊడ్చింది. ప్రార్థన చేసుకుంది గానీ, అన్న మాట వెనక్కి తీసుకునే మనసు ఇమ్మని మాత్రం అడగలేదు.

పొద్దు వాలేవేళ యేసురత్నం లుంగీతో వచ్చాడు. తల తడిగా ఉంది. చేతిలో ఏమీ లేదు.

“నువ్వు చెప్పమన్న మాట చెప్తే మేస్త్రీ పడీపడీ నవ్వినాడు. ఆఫీసరు నవ్వలా. దుమ్ము గుడ్డలెంబడి ఇంటికి పోతా ఉండాదే, నాకు తట్టలేదే అన్నాడు. ఇంక మిల్లు గుడ్డలు మిల్లు దాటకూడదంట. ట్యాంకు పక్కన తొట్లు కట్టిస్తారంట. ఆడనే నీళ్లు పోసుకోని, మన గుడ్డలు కట్టుకోని రావాల. ఉదయగిరిలో, కలిగిరిలో గూడా ఇదే పద్ధతంట.”

“ఉతికేది ఎవురు?”

“ఎవురివి వాళ్లే. దులపకుండా తడిపి ఉతకాల.” చేతులు తిప్పి చూసుకున్నాడు. “సోడాకు మండతా ఉండాయి.”

“మగబిడ్డ చేత గుడ్డలు ఉతికిచ్చినారా,” అంది లోపలి నుంచి శీనమ్మ.

లిదియమ్మ కొబ్బరినూనె సీసా తెచ్చి అతని ముందుకు జరిపింది. “నాకూ మొదట్లో మండేది,” అంది.

అతను నూనె రాసుకుంటూ, “వచ్చే నెల మమ్మల్ని నెల్లూరు తీసకపోయి ఎక్స్‌రే తీపిస్తారంట,” అన్నాడు.

“అత్త పేరూ, నా పేరూ గూడా రాయించు.”

“మీరేంది, కంపె...” అని ఆగిపోయాడు. లోపల శీనమ్మకు దగ్గు మొదలైంది. అది ఆగేదాకా యేసురత్నం తన చేతుల్నే చూసుకుంటూ కూర్చున్నాడు.

“అమ్మ వయసు ఎంతని చెప్పేది?” అని అడిగాడు.