ఇరవై ఏడో గడి

నేను ఒక రోస్టర్ రిజిస్టరును. ప్రస్తుతం నా అట్ట మీద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నారు. ఆదివారం పొద్దున, సూపరింటెండెంటు చలపతిరావు గారి భార్య నన్ను ఒళ్లో పెట్టుకుని పీటలా వాడుకుంటోంది. ఆవిడను తప్పుపట్టను. ఆఫీసులో నాకు ఇంత పని కూడా ఉండేది కాదు.

ప్రభుత్వ ఉద్యోగాల్లో ఎవరి వాటా వాళ్లకు అందుతోందో లేదో చూడటానికి నన్ను పుట్టించారు. నాలో వంద గడులు. ఏ గడి ఎవరిదో ముందే అచ్చయి ఉంటుంది. ఖాళీ వచ్చినప్పుడల్లా వరసగా పేరు రాసుకుంటూ పోవడమే. దానికి పెద్ద విద్యేం అక్కర్లేదు.

మా ఆఫీసులో మాత్రం నాలో పెన్సిలుతోనే రాసేవారు. తనిఖీ వస్తోందంటే చెరిపి, తమకు ఏది నప్పితే అది సిరాతో దిద్దేవారు. రబ్బరు రాపిడికి నా కాగితం అక్కడక్కడా పల్చబడింది.

చిరిగిన నా వీపును జిగురు పెట్టి కుట్టింది రికార్డు అసిస్టెంటు యెస్తేరు. ఇరవై ఏడో గడి ఎస్సీలది. అందులో పేరు పడితే ఆమె జూనియర్ అసిస్టెంటు అవుతుంది. పరీక్షలు పాసై నాలుగేళ్లయింది. నాలుగేళ్లుగా ఆ గడిలో 'అర్హులు లేరు' అనే ఉంది.

"నేనున్నాను కదండీ," అంది ఒకసారి.

"పెన్సిలే కదమ్మా. పెన్సిలు రాత కూడా ఒక రాతేనా?" అన్నారు చలపతిరావు గారు. పక్క సీటు వైపు తిరిగి, "అట్టలంటించే చేతికి ఫైళ్లు కావాలంటండీ," అన్నారు. గదంతా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. ఆ చెయ్యే లేకపోతే నేను ఎప్పుడో చిత్తుకాగితాల్లో కలిసేదాన్ని.

రేపు తనిఖీ. 'అర్హులు లేరు' సిరాలో పడితే ఆ పోస్టు మరొకరికి పోతుంది. వచ్చే ఏడు యెస్తేరు రిటైరవుతుంది. నిన్న నన్ను ఆయన స్కూటరు దాకా మోసుకొచ్చి, తన పాసు మెమో ఆ పేజీలో పెట్టి, "ఒక్కసారి చూడండి సార్," అంది. ఆయన చూడలేదు.

ఈనెలు దులిపి నన్ను కూతురు ప్రసూన ముందు పెట్టారు. ఆ అమ్మాయి చేతిరాత గుండ్రంగా ఉంటుంది. ఆయన పేజీల కింద సంతకాలు ముందే పెట్టేసి, పెన్సిలు రాతలన్నీ సిరాతో దిద్దమని చెప్పి స్నానానికి వెళ్లారు.

ప్రసూన గడి చదివింది. మెమో చదివింది. మళ్లీ గడి చదివింది.

"నాన్నా, యెస్తేరంటే ఎవరు?"

"ఎవరో ఒకరులే. రాసెయ్," అన్నారు నీళ్ల చప్పుడులోంచి.

ఆ అమ్మాయి రబ్బరు తీసింది. 'అర్హులు లేరు' పొడిపొడిగా రాలింది. అక్కడ సిరాతో 'కె. యెస్తేరు' అని రాసింది. పక్కనే పాసైన తేదీ వేసింది. నాకు సంతోషం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. ప్రభుత్వం అచ్చేసి ఇచ్చిన మాట నిలబడటానికి ఒక ఇంటి పిల్ల మనసు కరగాలా?

చలపతిరావు గారు తువ్వాలుతో వచ్చి చూశారు. "ఇదేంటే?" వేలితో రుద్దారు. సిరా కదల్లేదు. కింద ఆయన సంతకమే ఉంది.

ప్రసూన పెన్నుకు మూత పెట్టింది. మెమోను మళ్లీ నా పేజీలోనే ఉంచింది. చెప్పులు వేసుకుని గుమ్మం దిగి వెళ్లిపోయింది.