గోల్‌కిక్‌కు తీన్మార్

నేను ఒక డప్పును. చెమ్మ తగిలితే నా తోలు వదులై గొంతు బొంగురుపోతుంది. మంట దగ్గర కాసేపు కాచితే చాలు, కంచులా మోగుతాను. ఇంత చిన్న వెచ్చదనానికే లొంగిపోతానని నవ్వకండి. మీరు మాత్రం కప్పు చాయ్‌కి లొంగడం లేదా?

నన్ను చేసినవాడు జనగామ దిక్కున ఉండే నర్సింలు. వేపకర్రతో చట్రం చేసి, మేకతోలును చింతగింజల జిగురుతో అంటించి, నీడన ఆరబెట్టాడు. తొలి దెబ్బ తానే కొట్టి, బిడ్డ ఏడుపు విన్న తండ్రిలా మురిసిపోయాడు. ఆ ఊళ్లో నేను మోగనిదే పెళ్లి ఊరేగింపు కదలదు, పాడె కదలదు. అయినా ఎవరూ నన్ను గడప దాటనిచ్చేవారు కారు. నన్ను వాయించేవారి కులం పేరునే తిట్టుగా వాడుకునేవారు. మనుషుల లెక్క నాకు ఎప్పుడూ అంతుబట్టలేదు.

నర్సింలు మనవడు దేవేందర్ డిగ్రీ చదువుకని సికింద్రాబాద్ బయలుదేరినప్పుడు తాత నన్ను కూడా అతనితో బస్సెక్కించాడు. అక్కడ పుస్తకాలకంటే ముందు ఫుట్‌బాల్ అతన్ని పట్టుకుంది. చదువు ముగిసి ఉద్యోగం వచ్చినా అది వదల్లేదు. అతను అభిమానించే జట్టు లష్కర్ రోవర్స్ ఆట ఉన్న ప్రతి సాయంత్రం మైదానం తూర్పువైపు సిమెంటు మెట్ల మీద మేం హాజరు. ఆ మెట్లను అందరూ గట్టు అంటారు. గట్టుకు పెద్ద జాఫర్ భాయ్. మోకాళ్ల నొప్పులున్నా ఆట మొత్తం నిలబడే చూస్తాడు. గట్టుకు పాటలు కట్టేవాడు విన్సెంట్. బొల్లారం కుర్రాడు, దేవేందర్‌కు కాలేజీ నాటి ప్రాణస్నేహితుడు.

నాకు మాత్రం విన్సెంట్ అంటే వేరే ఇష్టం. సగం ఆట అయ్యేసరికి మంచుకు నా గొంతు పడిపోయేది. ఇంటర్వెల్‌లో అతను నన్ను గేటు బయటి చాయ్ బండి దగ్గరికి తీసుకెళ్లి, పొయ్యి సెగ మీద మెల్లగా తిప్పుతూ కాచేవాడు. అరచేత్తో నా తోలు నిమిరి, చాలా, ఇంకొంచెమా అని చూసేవాడు. పాలకుండ వేడి చూసే తల్లులు కూడా అంత జాగ్రత్తగా చూడరు.

దేవేందర్ పెళ్లి ఊరేగింపులో నన్ను మెడకు తగిలించుకుని తీన్మార్ వాయించింది కూడా విన్సెంటే. వేళ్లు బొబ్బలెక్కినా ఆపలేదు. పెళ్లికూతురు నవనీత కారులోంచి దిగి, పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని మరీ ఆడింది. కొత్త కాపురానికి వచ్చిన రోజు నన్ను బయట వరండాలో పెట్టబోతుంటే, "అదెందుకు బయట? మన పెళ్లి పెద్ద అది" అంటూ లోపలికి తెచ్చి మంచం పక్క గోడకు తగిలించింది. నేను దాటిన తొలి గడప అది. రోజూ స్నానానికి వెళ్తూ గాజులు తీసి నా చట్రానికి వేలాడదీసేది. దేవేందర్ ఉత్తినే వాటిని గలగలలాడించేవాడు, లోపల్నుంచి ఆమె తిట్టాలని. ఆ తిట్టు కోసం నేనూ ఎదురుచూసేదాన్ని.

ఇంత సంతోషంలోనూ నాకు నచ్చని పని ఒకటుండేది. అవతలి జట్టు గోల్‌కీపర్ గోల్‌కిక్ కొట్టడానికి బంతి పెట్టగానే గట్టంతా "ఓఓఓ" అని రాగం తీస్తుంది. దాని వెంట నేను గడగడ మోగాలి. అతను బంతిని తన్నగానే నా మీద ఒక్క దెబ్బ. ఆ దెబ్బ మీద అందరూ ఒక్క గొంతుతో, "పాయింట్ ఫైవ్!" మగవాణ్ణి ప్రేమించే మగవాణ్ణి సగం మనిషని వెక్కిరించడానికి వీధుల్లో పుట్టిన మాట అది. ఆ ఒక్కటీ విన్సెంట్ కట్టింది కాదు. అది వచ్చినప్పుడల్లా అతను వంగి బూటు లేసు కట్టుకునేవాడు. ఎప్పుడూ ఊడని లేసు.

ఒక ఇంటర్వెల్‌లో పొయ్యి దగ్గర నన్ను కాస్తూ అతను దేవేందర్‌కు చెప్పేశాడు.

"దేవా, ఆ మాట అవతలి గోల్‌కీపర్‌కు వినపడ్తదో లేదో గానీ, నాకైతే ప్రతిసారి వినపడ్తది."

దేవేందర్‌కు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక, ఓదార్పు అనుకుని ఇలా అన్నాడు: "నిన్ను కాదురా! అవతలోణ్ణి గదా అనేది. ఊకె మజాక్."

విన్సెంట్ నన్ను ఇంకోసారి నిమిరి, అతని చేతిలో పెట్టాడు. గట్టు వైపు కాకుండా రోడ్డు వైపు నడిచి వెళ్లిపోయాడు. తర్వాతి ఆటకు రాలేదు. ఫోనెత్తలేదు. రెండో సగంలో నా గొంతు బొంగురుపోతూనే ఉంది.

ఇంట్లో దేవేందర్ అన్నం కెలుకుతూ కూర్చుంటే నవనీత బలవంతంగా అడిగింది. అతను పేరు చెప్పకుండా, "మా గట్టు మీద ఒకనికి ఆ మాట తగుల్తుందంట" అన్నాడు. ఆమె పేరు అడగలేదు.

"నన్ను బళ్లె కులం పేరు పెట్టి పిలిచెటోళ్లని చెప్పిన గదా," అంది. "నిన్ను కాదే, ఊకె అంటున్నం అని మా దోస్తే అన్నది. తిట్టినోళ్లకన్న అదే ఎక్కువ గుచ్చుకున్నది."

దేవేందర్ కంచం పక్కకు జరిపి లేచి వచ్చి, నన్ను గోడ మీంచి దించాడు.

తర్వాతి ఆటలో అతను ఒక ఉపాయం చేశాడు. రాగం మొదలవగానే పుల్లలు చంకలో పెట్టుకుని నన్ను మౌనంగా పట్టుకున్నాడు. నేను ఆగితే వాళ్లూ ఆగుతారని మా ఇద్దరి అమాయకత్వం. నా చప్పుడు లేక ఆ మాట ఇంకా స్పష్టంగా, మైదానం అవతలి గోడకు తగిలి వెనక్కి వచ్చింది.

జాఫర్ భాయ్ మెట్లు దిగి వచ్చాడు. "అరె మియా, డప్పు ఎందుకు ఆపినవ్?"

"ఆ మాటకు నేను కొట్ట భాయ్. తగుల్తది."

"ఎవరికి తగుల్తది? ఆట అన్నంక జర మజాక్ ఉండదా? ఎవరికో చెప్పు!"

దేవేందర్ గొంతు దాకా వచ్చిన పేరును మింగడం నాకు తెలిసింది. అతని గుండెకు ఆనుకునే ఉన్నాను కదా. అది చెప్పే హక్కు అతనిది కాదు.

"నాకు," అన్నాడు.

చుట్టూ కొందరు ఈల వేశారు. "అరె, కొత్త పెళ్లికొడుకు కూడా గంతేనా!" అని ఒకడు నవ్వాడు. దేవేందర్ చెవులు ఎర్రబడ్డాయి. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. జాఫర్ భాయ్ అతని ముఖంలోకి చూసి, మెట్లెక్కి తన చోటికి వెళ్లిపోయాడు.

ఆ సీజన్‌లో సొంత మైదానం మీద చివరి ఆట. బయలుదేరేముందు నవనీత నా మీది గాజులు తీసుకుంటూ అంది: "నువ్వు ఆపితే వాళ్ల నోరే వినపడ్తది. ఆపకు. మన బరాత్‌ల కొట్టింది కొట్టు. అది వింటే ఎవని కాళ్లైనా ఆగుతయా?"

బంతి గోల్‌కిక్ దగ్గర పెట్టారు. "ఓఓఓ" మొదలైంది. దేవేందర్ తీన్మార్ ఎత్తుకున్నాడు.

అబ్బ, ఏం చెప్పను! రాగం తీస్తున్న నోళ్లు తీస్తూనే ఉన్నాయి గానీ భుజాలు వాటి మాట వినడం మానేశాయి. సికింద్రాబాద్‌లో పుట్టినవాడు తీన్మార్‌కు కదలకుండా నిలబడి చూపిస్తే నా తోలు ఒలిచి ఇస్తాను. చేతులు లేచాయి, రుమాళ్లు తిరిగాయి. ఆ మాటకు కావలసిన ఒంటి దెబ్బ నా దరువులో ఎక్కడా దొరకలేదు. మూలనుంచి ఒకడు ఒంటరిగా "పాయింట్..." అని అరిచాడు.

"చుప్!" అని జాఫర్ భాయ్ కసిరాడు. "దరువు చెడగొట్టకు." అని, మోకాళ్లను మరిచి తానూ ఒక స్టెప్పేశాడు. దరువు కోసమే కసిరాడో, దేవేందర్ ముఖంలో చూసినదాని కోసమో నాకు తెలియదు. ఎందుకైతేనేం.

తర్వాతి గోల్‌కిక్‌కు ముందే గట్టు నా వైపు చూసింది. రోవర్స్ ఆ రోజు ఓడిపోతున్నారు కూడా. ఓడిపోతూ అంత బాగా చిందులేసిన జనాన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఇంటర్వెల్‌లో దేవేందర్ నన్ను చాయ్ బండి దగ్గరికి తెచ్చి, తొందరలో మంటకు మరీ దగ్గరగా పెట్టాడు. నా అంచు చురుక్కుమంది.

"మాడగొడ్తవ్‌రా. ఇటియ్యి."

బండి వెనుక బెంచీ మీద విన్సెంట్. లోపలికి రాలేక, ఇంట్లో ఉండలేక, ఆట మొదటి నుంచి గోడ ఇవతలే కూర్చుని వింటున్నాడట. నన్ను అందుకుని సెగ మీద తిప్పడం మొదలుపెట్టాడు. దేవేందర్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డాడు.

"విన్సూ, ఆ రోజు నేను..."

"ఈసారి వినపడలే," అన్నాడు విన్సెంట్, నా మీది నుంచి కళ్లెత్తకుండా. "తీన్మార్ మాత్రం మస్తు తప్పులు కొట్టినవ్. రెండో సగం నేను కొడ్త."

అంతకంటే బాగా నన్ను ఎవరూ ఎప్పుడూ కాచలేదు.

ఆ రెండో సగంలోనే నా తోలు ఒకచోట చిట్లింది. ఇప్పుడు గట్టుకు కొత్త డప్పు వెళ్తోంది. నేను గోడ మీదే ఉంటాను, గాజులు మోస్తూ. ఆదివారాలు విన్సెంట్ భోజనానికి వస్తాడు. మొన్న ఒక స్నేహితుణ్ణి తీసుకొచ్చాడు. నవనీత అతనికి అడగకుండానే రెండోసారి పప్పు వడ్డించింది. చేతులు కడుక్కున్నాక విన్సెంట్ నా దగ్గరికి వచ్చి, అలవాటుగా అరచేయి ఆనించాడు. తర్వాత ఆ స్నేహితుడి చేయి పట్టుకుని, అతని అరచేతిని కూడా నా మీద పెట్టాడు.

ఆ రోజు పొయ్యి లేదు, మంట లేదు. అయినా చిట్లిన ఈ తోలు కాగింది.