పోయినేడాది బాతులు

చూపు నిలిపిన చోటే మాయమవుతోంది. దసరా నుంచీ ఇంతే. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, జుట్టు కనిపిస్తుంది. ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మచ్చ. మా నాన్నకు యాభయ్యో ఏట ఇలాగే మొదలైంది. పేపరు చదువుతూ అక్షరాల కింద బొటనవేలు పెట్టుకునేవాడు. రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత చెప్పాల్సిన అవసరం లేకపోయింది. నాకిప్పుడు నలభై తొమ్మిది. కాలేజీలో పాఠం చెప్పి బతికేవాణ్ణి.

ఏటా జనవరి రెండో శనివారం ముసునూరు దారిలోని చెరువు దగ్గర చలికాలానికి వచ్చే బాతుల్ని లెక్కపెడతాం. నేనూ, మా కాలేజీలోనే జువాలజీ చెప్పే లేయా. పద్ధతి నేను పెట్టిందే. ఒకరు బైనాక్యులర్స్‌తో చూసి చెప్పాలి, ఇంకొకరు తలెత్తకుండా రాయాలి. ఇద్దరూ చూస్తే ఒకరి ఆశ మరొకరి కంట్లో పడుతుందని నా వాదన.

ఆ ఉదయం గట్టు మీద కూర్చుని బైనాక్యులర్స్ ఎత్తాను. అంచున తుంగ ఉంది, అవతలి తోటలో మామిడి పూత ఉంది. మధ్యలో నీళ్ళు లేవు. చూపు పక్కకు తిప్పితే నల్లటి చుక్కలు కదిలాయి. వాటివైపు తిరిగితే ఆరిపోయాయి.

"సూదితోకలు నూట పన్నెండు," అంది నా నోరు. "చెంచామూతులు నలభై ఆరు. ఎర్రతల బాతులు తొమ్మిది."

"ఏంటండీ మాస్టారూ, ఇవాళ టకటకా చెప్పేస్తున్నారు. పోయినసారి ఎర్రతలల దగ్గరే గంట కూర్చోబెట్టారు." లేయా పుస్తకంలో పేజీ వెనక్కి తిప్పిన చప్పుడు. "మీ బాతులకి మన పిల్లలకన్నా హాజరు బావుందండీ. పోయినేడాది ఎన్నో సరిగ్గా అన్నే. తొమ్మిదికి తొమ్మిది..."

నవ్వు సగంలో ఆగింది.

అప్పుడే గద్ద వచ్చినట్టుంది. ఒక్కసారిగా రెక్కల హోరు లేచి మా తలల మీదుగా పోయింది. నేను కదల్లేదు. ఎటు తిరగాలో తెలియక ఖాళీ నీళ్ళనే చూస్తూ ఉండిపోయాను.

కాసేపటికి చెరువు సద్దుమణిగింది.

"మళ్ళీ వాలాయండీ," అంది లేయా మెల్లగా. "ఇప్పుడెన్ని?"

"నువ్వు చూడకూడదు కదమ్మా."

"చూశాను లెండి. బాతుల్ని కాదు, మిమ్మల్ని. ఎప్పట్నుంచి?"

"దసరా."

"ఇంట్లో తెలుసా?"

"తెలీదు."

"సోమవారం బెజవాడ కంటాసుపత్రికి వెళ్దాం. రానంటే ఇంట్లో నేనే చెప్తాను." బైనాక్యులర్స్ నా మెడలోంచి తీసుకుని పుస్తకం నా ఒళ్ళో పెట్టింది. "మీరు రాయండి."

చాలాసేపు లెక్కపెట్టింది.

"సూదితోకలు ముప్పై ఒకటి."

అంతేనా? మిగతావాటిని నేనే పోయినేడాది నుంచి తెచ్చి నీళ్ళ మీద ఉంచాను.

పుస్తకం వైపు వంగాను. కాగితం అంచులున్నాయి, గీతలు లేవు. పెన్సిలు ఎక్కడ ఆనించాలి?

"రాశారా?"

"ఆగమ్మా."

ఎడమచేతి బొటనవేలు దానంతటదే కాగితం మీదికి వెళ్ళింది, లైను వెతుక్కుంటూ.