చండీగఢ్‌కు సొరబుర్ర

సారమ్మ రైలు బెర్తును తన వాకిట్లో సుద్దముక్కతో గీసింది. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. కూతురు జెన్నీ ఫోనులో చూసి చెప్పిన కొలతలవి. గీసి, పట్టపగలు అందులో వెల్లకిలా పడుకుంది, పక్కన ఒక పెద్ద సొరబుర్రను పెట్టుకుని.

పక్కింటి అంతమ్మ గోడ మీది నుంచి తొంగి చూసి హడలిపోయింది. "ఏమైందే సారమ్మా? పానం బాగలేదా?"

"రైల్ల ఉన్న," అంది సారమ్మ కళ్లు తెరవకుండా. "జర సప్పుడు చెయ్యకు."

మొయినాబాద్ పక్కన హిమాయత్‌నగర్‌లో ఇలాంటి వింత ఎవరూ చూడలేదు మరి. సారమ్మకు యాభై రెండేళ్లు. ఇరవై ఏళ్లకు పైగా కూలికి పోయి కలుపు తీసి, టమాటలు తెంపి, క్యారెట్లు పీకిన మనిషి. నాలుగేళ్ల కిందట కంచె మీద ఎండిపోయిన సొరకాయ ఒకటి దొరికితే, చేతులు ఊరికే ఉండలేక, దబ్బనాన్ని పొయ్యిలో ఎర్రగా కాల్చి దాని మీద ఒక కోడిపుంజు బొమ్మ వేసింది. అక్కడితో పట్టుకుంది పిచ్చి. ఇప్పుడు ఇంట్లో ఏ మూల చూసినా బుర్రలే. మొగుడు అబ్రహాము కాలేజీలో వాచ్‌మన్. ఇంటికొస్తే కాలు పెట్టేందుకు చోటు లేదని గునుస్తాడు గాని, వచ్చిన ప్రతివాడికీ తానే గీసినంత గర్వంగా చూపిస్తాడు.

చేవెళ్లలో ఒక ల్యాబ్‌లో రక్త పరీక్షలు చేసే జెన్నీ, ఆ బుర్రల ఫొటోలు తీసి ఎవరెవరికో పంపింది. పంపితే చండీగఢ్ నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ మూడు రోజుల హాబీ ప్రదర్శనట. దేశం నలుమూలల నుంచి, తీరిక వేళల్లో ఏదో ఒకటి చేసుకునే వాళ్లంతా వస్తారట. బల్ల నంబరు ముప్పై నాలుగు సారమ్మదట. ఫొటోలో ఉన్న బుర్రనే తేవాలి, ఇంకోటి తెస్తే ఒప్పుకోరు. కవరు మీద 'శ్రీమతి సారమ్మ' అని ఉంది. ఆ ఇంటికి అంతవరకు వచ్చిన కాగితాలన్నీ అబ్రహాము పేరున వచ్చినవే. సారమ్మ ఆ కవరును బైబిలులో పెట్టుకుని, రోజుకోసారి తీసి చూసుకునేది. సికింద్రాబాదు దాటి ఎరగని తాను, తన చేతి పని పట్టుకుని అంత దూరం పోతుందని తలుచుకుంటే ఆమె చేతిలో పని ఆగిపోయేది. పోవాలి. ఏమైనా సరే పోవాలి.

జెన్నీ ప్లాను కాగితం మీద రాసింది. మంగళవారం పొద్దున మూడున్నరకు లేవాలి. నాలుగుంబావుకు ఆటో. ఆరు గంటలకు నాంపల్లిలో బండి. మర్నాడు పొద్దున ఢిల్లీ, అక్కడ ఇంకో బండి, మధ్యాహ్నానికి చండీగఢ్. తల్లికి కింది బెర్తు, తనకు మధ్య బెర్తు. ఇంత చక్కటి ప్లానులో వేలు పెట్టకపోతే అబ్రహాము అబ్రహామే కాదు. ఆయన ఒకప్పుడు వికారాబాదు దాకా రైల్లో పోయాడు, అందుకని తనకు రైళ్ల సంగతంతా తెలుసు.

"కిటికి కాడ కూసుంటె చేతి గాజులు గుంజుకుంటరు," అన్నాడు. "బుర్రకు గొలుసు కట్టి తాళమెయ్యాలె."

"నీకు ఏద్దామా తాళం?" అంది సారమ్మ. "జొన్నరొట్టెలు ఎన్ని కట్టాల్నో చెప్పు. రెండు రోజులకు ఇరువై సాల్తయా?"

"అమ్మా, రైల్ల అన్నం అమ్ముతరే," అంది జెన్నీ.

"ఆ అన్నం నువ్వే తిను, పో."

అన్నీ కుదిరాయి. కుదరనిది ఒక్కటే: బుర్రను దేంట్లో పెట్టాలి? జెన్నీ అట్టపెట్టె అంది. అట్టపెట్టెను చూస్తే కూలీలు విసిరేస్తారని సారమ్మ వినలేదు. కొత్త వెదురు గంప కొనుక్కొచ్చి, గడ్డి పరిచి, బుర్రను అందులో పడుకోబెట్టి, పైన తెల్లగుడ్డ బిగించి కట్టింది. అక్కడే తప్పు జరిగింది. ఎందుకంటే ఆ ఆదివారమే వాళ్ల గుడిలో, అంటే చర్చిలో, కోత పండుగ.

కోత పండుగనాడు ఎవరింట్లో ఏది పండితే అది, మొదటి పంట, దేవునికి కానుకగా గుడికి పోతుంది. ఆరాధన కాగానే వాటినన్నిటినీ హర్రాజు పాడతారు. ఆ రోజు కోడిగుడ్డు కోడి ధరకు, కోడి మేక ధరకు పోతాయి. పొద్దున్నే గుడి యువకులు ట్రాలీ ఆటోలో ఇంటింటికీ తిరిగి కానుకలు ఎత్తుకుపోతారు. మరి కానుక గంపకు ఆ ఊళ్లో ఎవరైనా కట్టేది తెల్లగుడ్డే. సారమ్మ చేతికి ముప్పై ఏళ్లుగా అలవాటైన కట్టు అది. ఇంకో కట్టు ఆ చేతికి తెలియదు. అసలు కానుక, రెండు గుమ్మడికాయలు, తలుపు వెనక గోనెసంచిలో ఉన్నాయి.

సారమ్మ వంటల దగ్గరికి చీకటితోనే పోయింది. పోతూ పోతూ, "ఆటో వస్తది, కానుక ఎత్తియ్యి," అని మొగుడికి చెప్పింది. బుర్రను గంపలో సర్దినప్పుడు ఇంట్లో లేని అబ్రహాము ఇల్లంతా చూశాడు. కొత్త గంప, తెల్లగుడ్డ, ఎంత ముచ్చటగా ఉందో! రెండు చేతులా ఎత్తి ఆటోలో పెట్టాడు. పైగా ఒక దండం కూడా పెట్టాడు మహానుభావుడు.

గుడి వెనక సారమ్మ బగారన్నంలో గంటె తిప్పుతుంటే, ముందు వైపు మైకులో హర్రాజు జోరుగా నడుస్తోంది. ఒకచోట పాట ఆగకుండా పెరిగింది. చప్పట్లు మోగాయి. "చిల్కూరు సత్తయ్య పటేల్ గారికి!" అని మైకు అరిచింది. సత్తయ్య హిందువు, పాత సర్పంచి, పెద్ద రైతు. ఎన్నికలు దగ్గర పడితే గుళ్లన్నీ ఆయనకు గుర్తొస్తాయి.

"ఏం కొన్నడో ఏమో, పటేలుకు మంచిగనె పడ్డది," అని సారమ్మ పగలబడి నవ్వింది. గంటె పక్కన పెట్టి తనూ నాలుగు చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే గుమ్మడికాయలు తలుపు వెనకే ఉన్నాయి. గంప లేదు.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగింది ఎక్కువగా చెప్పను. "గుడ్డ కట్టున్నది గదనే!" అని అబ్రహాము పదిసార్లు అన్నాడు. జెన్నీ ఏడ్చింది. సారమ్మ మాత్రం ఏడవలేదు. అరుగు మీద కూర్చుని, ఒళ్లో ఖాళీ చేతులు పెట్టుకుని చూస్తూ ఉండిపోయింది. అది చూసి అబ్రహాముకు భయమేసి, పాస్టరు వరప్రసాద్ అయ్యగారి దగ్గరికి పరుగెత్తాడు.

"దేవునికి ఇచ్చింది గుడి తిరిగి ఇయ్యదు, అబ్రహామన్నా," అన్నాడాయన నొచ్చుకుంటూ. "కాని కొన్న సత్తయ్య పటేలు ఇస్తె నేనెందుకు వద్దంట? పొయ్యి అడుగుండ్రి."

సోమవారం పొద్దున సారమ్మ ఒక్కతే మొయినాబాద్‌లో చిల్కూరు ఆటో ఎక్కింది. ఆటో నిండా చిల్కూరు దేవుడి గుడికి పోయే వాళ్లు. తెల్లారితే బండి. సగం దారిలో ఆమెకు ఒక సంగతి గుర్తొచ్చింది.

ఆ బుర్ర మీద వేసింది సత్తయ్య పటేల్ చేనే. పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా వంగి క్యారెట్లు పీకుతుంటారు. గట్టు మీద ఒకామె గొడుగు పట్టుకుని, మూతి ముడుచుకుని నిలబడి ఉంటుంది. ఆ గొడుగామె పద్మమ్మ, సత్తయ్య భార్య. సారమ్మ ఆమె చేతి కింద తొమ్మిదేళ్లు పని చేసింది. చండీగఢ్‌లో ఎవరు గుర్తుపడతారులే అని, ఆ మూతిని మరింత శ్రద్ధగా వేసింది కూడా. ఇప్పుడా మూతి సరాసరి ఆ ఇంటికే చేరింది. దిగి వెనక్కి పోదామా అనుకుంది. కాని బల్ల నంబరు ముప్పై నాలుగు కళ్ల ముందు ఆడింది.

సత్తయ్య చేవెళ్ల మార్కెట్‌కు పోయాడు. వరండాలో టీపాయ్ మీద బుర్ర, దాని ముందు కుర్చీలో పద్మమ్మ, ముక్కు మీద కళ్లజోడు.

"రా, రా సారమ్మా," అంది ఆమె తల తిప్పకుండా. "నీ కోసమే చూస్తున్న. మీ ఇంటి కానుకనట. ఈ గొడుగామె ఎవరు?"

"ఎవరో... ఉత్తగనే ఏసిన అక్కా."

"ఉత్తగనా? నా గొడుగుకు ఒక పుల్ల ఇరిగి ఉంటుండె. ఈమె గొడుగుకు గూడ ఇరిగే ఉన్నది. మూతి గిట్ల పెట్టినవేందే?"

సారమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. అయినా నోరు ఊరుకోదు కదా. "ఎండల నిలవడితె అందరి మూతి గట్లనే ఉంటదక్కా."

పద్మమ్మ మూతి ఇంకాస్త బిగుసుకుంది. వేలితో బుర్ర మీద వరసను తడిమింది. "మరి ఇందుల నువ్వేది?"

సారమ్మ దగ్గరికొచ్చి నాలుగో మనిషిని చూపించింది. ఒట్టి వీపు, ముడి, దోపిన కొంగు.

"నీ మొకం ఏదే? ఒక్కరి మొకం కనవడదు. నాదొక్కటే ఏసినవు."

"మేము వంగి ఉన్నం గదక్కా," అంది సారమ్మ. "నీకు మా ఈపులే కనవడుతుండె."

ఆ మాట అన్నాక ఆమెకే భయమేసింది. పద్మమ్మ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"తొమ్మిదేండ్లు," అంది చివరికి. "నీకు చేతుల గింత పని ఉన్నదని నాకెరికనే లేదు. సిగ్గనిపిస్తున్నదే."

సారమ్మ గడప పక్కన నేల మీద చతికిలబడింది. దుఃఖం ఆపుకోలేక ఉన్నదంతా చెప్పేసింది: ఉత్తరం, తెల్లగుడ్డ, అబ్రహాము దండం, రేపటి రైలు. "ఇయ్యక్కా. మూడు రోజులు చూపెట్టి మళ్ల తెచ్చి నీ టీపాయ్ మీదనే పెడ్త. నీకు దండం పెడ్త."

"ఇయ్య," అంది పద్మమ్మ.

సారమ్మ పోదామని లేవబోయింది.

"నా మొకం ఒక్కటే చండీగఢ్ దాక పోతదా? అడిగినోళ్లకు ఎవరు జవాబు చెప్తరు? నేను గూడ వస్త."

"ఎక్కడికి?"

"రైలుకే! మాకెప్పుడు కారే. శంకర్‌పల్లి గేటు కాడ ఆగి రైలును చూసుడే తప్ప ఎక్కింది లేదు. ఏదీ, నీ బిడ్డ రాసిన కాగితం తియ్యి."

సారమ్మ రవికలోంచి కాగితం తీసింది. పద్మమ్మ ఆ ప్లానును పోలీసులా పరీక్షించింది. మూడున్నరకు లేవడం ఎందుకు, రైల్లో స్నానం ఉంటుందా, ఢిల్లీలో చలికి స్వెట్టరు కావాలా, రొట్టెల్లోకి తొక్కు ఏం పెడుతున్నావు. తొక్కు టమాటదని విని, మామిడిది తాను తెస్తానంది. తర్వాత చేవెళ్ల రోడ్డులో ప్లాట్లు అమ్మే కొడుకు శశిధర్‌కు ఫోన్ చేసింది.

"అమ్మా, నాయినను అడగాలె గద," అంటున్నాడతను ఫోనులో. "అయినా రైలెందుకు, ఇమానం బుక్ చేస్త."

"ఇమానంల బుర్రను సామాన్ల ఏస్తరట. పాట పాడింది మీ నాయిన, మొకం నాది. రైలు తియ్యి. సారమ్మ డబ్బాలనే తియ్యి."

పదకొండుకు తత్కాల్ తెరిచారు. ఇద్దరూ ఫోను వంకే చూస్తూ కూర్చున్నారు. పదకొండు ఏడుకు శశిధర్ మళ్లీ చేశాడు: దొరికింది, ఆ డబ్బాలోనే, కాని పై బెర్తు.

"పైది నేనెట్ల ఎక్కుతనే?" అంది పద్మమ్మ. "నీదేది, సారమ్మా?"

"కిందిది," అంది సారమ్మ. అలవాటు కొద్దీ 'నువ్వే తీస్కో అక్కా' అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. లేచి నిలబడింది. "కిందిది నేనియ్య. బుర్ర నా పక్కన పండుకోవాలె. ఎక్కుడు నీకు నేను నేర్పిస్త."

పద్మమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. కోపం రాబోయి, ఎక్కడో దారి తప్పి, నవ్వు వచ్చింది. "మరి నిలవడ్డవేంది? నిచ్చెన పట్కరా."

అటక దగ్గరి నిచ్చెన తెచ్చి వరండా గోడకు ఆనించారు. పద్మమ్మ కొంగు దోపి, నాలుగో మెట్టు ఎక్కి, కిందికి చూసి కెవ్వుమంది. అప్పుడే సారమ్మ ఫోను మోగింది. జెన్నీ.

"అమ్మా, బుర్ర ఇచ్చిండ్రా?" ఏడుపు గొంతుతో అడిగింది పిల్ల.

"పోతున్నం బిడ్డా," అంది సారమ్మ, ఒక చేత్తో నిచ్చెన పట్టుకుని. ఆ మాట బయటికి రాగానే ఆమె కళ్లు నిండిపోయాయి. "ముగ్గురం పోతున్నం."

"ముగ్గురా? బాపు గూడ వస్తుండా?"

"కాదే. బుర్ర మీద గొడుగు పట్టుకున్నామె వస్తున్నది."

జెన్నీ గొంతు తగ్గించి అడిగింది. "అమ్మా... ఆమెకు తెల్సిపోయిందా?"

"తెల్సింది. ఫోన్ పెట్టు, నాలుగో మెట్టు మీద ఉన్నది, దిగొస్తలేదు."