మెడకు దీర్ఘం

ఆసుపత్రిలో ఫోన్లెత్తే హలో బాబాయి తన బల్ల తుడుస్తుండగా గంట మోగింది. "మెడ ఒరిగింది బాబాయ్, ఎముకల డాక్టరుగారిని వెంటనే కిందికి దింపు" అంది గొంతు విభాగం నర్సు. మెడ అతని చెవిలోకి దీర్ఘం తగిలించుకుని దూరింది, డాక్టరన్న మాట దారిలోనే జారిపోయింది. ఏదీ దీర్ఘంగా ఆలోచించే అలవాటు లేని హలో బాబాయి మైకు నొక్కి, చల్లగా ప్రకటించాడు: మేడ ఒరిగింది, పైనున్నవాళ్ళంతా నిదానంగా దిగండి.

ఉద్యోగానికి అదే ఆఖరి రోజు. ఇన్నేళ్ళూ మెట్లకింది గదిలో కూర్చున్న మనిషి. ఆసుపత్రిలో అతని గొంతు ఎరగనివారు లేరు, ముఖం ఎరిగినవారు తక్కువ. ఎడమ చెవి మందగించిన సంగతి మాత్రం, చాప తెమ్మంటే చేప తెచ్చిన రోజు నుంచీ భార్య ఒక్కదానికే తెలుసు.

మేడ ఒరిగిందంటే నిదానంగా ఎవరు దిగుతారు? కబురు మీద కబురు పెట్టినా కదలని ఎముకల డాక్టరు అందరికన్నా ముందు దిగాడు. నర్సు అతన్ని పట్టుకుని గొంతు గదిలోకి లాక్కెళ్ళింది.

అక్కడ టాన్సిల్స్ తీయించుకుని వారమైన పాప. తల ఒక భుజం మీదికి వాలి, గడ్డం రెండో వైపు తిరిగి, అలాగే బిగుసుకుపోయింది. కదిలిస్తే ఏడుపు. నిద్రలో పట్టేసిందని మేనత్త నూనె రాసి లాగబోతే, తల్లి అడ్డుపడి తీసుకొచ్చిందట.

డాక్టరు ముందు ఎవరినీ తల ముట్టుకోనివ్వలేదు. ఫోటోలు తీయించి చూశాడు.

"ఇది నిద్రపట్టు కాదమ్మా. గొంతు ఆపరేషన్ తర్వాత ఎప్పుడో ఒకరికి లోపలి వాపు మెడదాకా పాకి, పై రెండు ఎముకలు పట్టు తప్పుతాయి. లాగి ఉంటే కాళ్ళూ చేతులూ పడిపోయేవేమో. వెంటనే తెచ్చావు గనక మందులూ మెడపట్టీతో దారికొస్తుంది."

బయట జనం హలో బాబాయిని చుట్టుముట్టారు. మెడ మీద తలకాయ ఉందా అని పెద్ద డాక్టరు నిలదీశాడు.

"తలుందండీ, చెవే లేదు" అన్నాడతను.

జనాన్ని తోసుకుంటూ పాప తల్లి వచ్చి అతని చేతులు పట్టుకుంది. "నీ చెవి చల్లగుండ బాబాయ్. నువ్వు సరిగ్గా వినుంటే ఆయన ఎప్పటికి దిగేవాడో!"

ఆమె వెనకే వచ్చిన ఎముకల డాక్టరు నేల చూపులు చూశాడు.

సాయంత్రం సంచీ భుజాన వేసుకున్నవాడల్లా మళ్ళీ కూర్చుని మైకు నొక్కాడు హలో బాబాయి.

"అందరికీ మనవి. పొద్దున ఒరిగింది మేడ కాదు, ఒక పాప మెడ. దీర్ఘం నా చెవిది. మేడ నిటారుగానే ఉంది, పాప మెడా నిలబడుతుందట. నన్ను భరించినందుకు దండాలు, ఇక సెలవు. అన్నట్టు, పై మెట్టు మీద ఎముకల డాక్టరుగారి చెప్పు ఒకటి ఉండిపోయింది."