కాలెత్తాల్సిన మెట్టు

తాతయ్యది గడియారాలు బాగుచేసే పని. కంటికి ఆనని మరలతో కుస్తీ పట్టేవాడికి మెట్లొక లెక్కా అనుకుని, మేడ మెట్లు మేస్త్రీని పిలవకుండా తనే కట్టుకున్నాడు. కింది నుంచి ఒక్కోటీ ముచ్చటగా కట్టుకుంటూ పోయాడు. తీరా పైకి వెళ్లాక చూస్తే, మిగిలిపోయిన ఎత్తంతా చివరి మెట్టు నెత్తిన పడింది. అదొక్కటీ మిగతావాటికి దాదాపు రెట్టింపు. పగలగొట్టి మళ్లీ కట్టమంటే తాతయ్య వింటేగా! గడియారాల్లో తప్పు పట్టొచ్చు గానీ ఆయన మెట్లలో పట్టకూడదు.

అందుకని వచ్చినవాళ్లకు జాగ్రత్త చెప్పే పని అమ్మమ్మ మీద పడింది. మెట్ల మీద చప్పుడైతే చాలు, వంటింట్లోంచి "కాలెత్తు!" అని కేకేసేది. పిల్లలకైనా పెద్దలకైనా అదే పలకరింపు. రండి, కూర్చోండి అన్నవి ఆ తర్వాతే. కొత్తవాళ్లు హడలిపోయేవారు. సెలవులకు వచ్చిన మనవలకు మాత్రం ఇట్టే అలవాటైపోయేది. వాళ్లలో ఆఖరిది, ఇల్లు పీకి పందిరేసే రకం, దాన్నందరూ పిడుగు అనేవారు. ఆ మెట్టు మీద కూర్చునే అన్నం తినేది, అక్కడే అలిగేది, తాతయ్య పారేసిన గడియారాలను ఇంకాస్త పాడుచేసేది.

తర్వాత ఫ్లైఓవర్ వచ్చింది. వీధికి వీధే లేచిపోయింది. మేడ ఉన్న ఎత్తులో ఇప్పుడు లారీలు పోతున్నాయి. తాతయ్య అదంతా చూడకుండానే వెళ్లిపోయాడు, అదృష్టవంతుడు. ఇల్లు పోయింది గానీ మెట్టు మాత్రం వాళ్ల కాళ్లలోనే ఉండిపోయింది. ఎవరి మెట్లెక్కినా ఆ ఇంటివాళ్లు చివర్లో కాలు అంతెత్తున ఎత్తి, లేని మెట్టు మీద వేసి, ధబ్బున దిగేవారు. పెళ్లిళ్లలో ఆ చప్పుడు వింటే మనవాళ్లొచ్చారని తెలిసిపోయేది. పిల్లలకది నవ్వులాట. అమ్మమ్మకు కాదు. ఒకసారి అలాగే తూలి మోకాలు వాచాక, మెట్లకో దణ్ణం పెట్టేసి మామయ్య ఇంట్లో కింది గదిలో ఉండిపోయింది. కేకేయాల్సిన పని లేక గొంతు కూడా మెత్తబడింది.

పిడుగు ఇప్పుడు పళ్ల డాక్టరు. కింద ఆసుపత్రి, పైన ఇల్లు కట్టిస్తోంది. అమ్మమ్మను తెచ్చి తన దగ్గర ఉంచుకోవాలని ఆమెకు ఎప్పటినుంచో ఆశ. అడిగిన ప్రతిసారీ అమ్మమ్మది ఒకటే మాట.

"నా కాలు నా మాట వినదే పిల్లా, ఎలా ఎక్కేది?"

కాలు వినకపోతే మెట్టే వింటుందని పిడుగు అనుకుంది. మేస్త్రీని పిలిచి, చివరి మెట్టు ఎత్తుగా కట్టమంది. ఆయన ససేమిరా అన్నాడు. జనం మెట్టును తిట్టరు, తననే తిడతారని మొత్తుకున్నాడు. పిడుగు పట్టిన పట్టు విడవలేదు. ఆఖరికి, ఎవరడిగినా తన పేరు చెప్పకూడదని మాట తీసుకుని కట్టాడు.

ఎలాగైతేనేం, ఇల్లు పూర్తయ్యాక అమ్మమ్మ వచ్చింది. ఎక్కి చూడమని పిడుగు బతిమాలకముందే చీర కుచ్చిళ్లు పట్టుకుని బయల్దేరింది. చకచకా ఎక్కింది. చివరికొచ్చేసరికి, అందరిలాగే, కాలు మామూలుగా ఎత్తింది. వేళ్లు మెట్టుకు కొట్టుకుని ముందుకు తూలింది. వెనకనుంచి పిడుగు నడుం పట్టుకోబట్టి సరిపోయింది.

ఇద్దరూ అక్కడే కూలబడ్డారు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. మనవరాలి ఇంటికి రావాలని అమ్మమ్మ కొన్ని నెలలుగా, మామయ్య ఆఫీసుకెళ్లగానే, పక్కింటావిడ భుజం పట్టుకుని వాళ్ల మెట్ల మీద కసరత్తు చేసిందట. పాత మెట్టును మరిచిపొమ్మని కాలికి నచ్చజెప్పుకుందట.

పిడుగు మొహం మాడిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. రేపే మేస్త్రీని పిలిపించి పగలగొట్టిస్తానంది. అమ్మమ్మ జాన పెట్టి మెట్టు ఎత్తు చూసుకుంది. ఆపైన నవ్వడం మొదలుపెట్టి, పొట్ట పట్టుకునేదాకా నవ్వింది.

"ఒకసారి పగలగొట్టారు, చాల్లే. కాలికి మళ్లీ చెప్పుకుంటాను" అంది.

మర్నాడు ఓ మొండి దంతంతో కుస్తీ పట్టి, టీ తాగుదామని పిడుగు మెట్లెక్కుతోంది. ఇంకా సగంలోనే ఉంది, వంటింట్లోంచి వీధి వీధంతా వినపడేలా "కాలెత్తు!" అని కేక. కింద బల్ల మీద బుగ్గ పట్టుకుని కూర్చున్న పెద్దమనిషి ఉలిక్కిపడి రెండు కాళ్లూ పైకెత్తాడు.

చివరి మెట్టు దగ్గర పిడుగు ఒక్కటే ఎత్తింది. కాలు దించిన చోట, ఇన్నేళ్లకు, మెట్టు ఉంది.