మూడు వేళ్ళ వదులు

బురద ఆరకముందే కడిగెయ్యాలి. ఆరిందంటే సిమెంటులా పట్టేస్తుంది, గీకితే రంగుతో సహా ఊడొస్తుంది. అందుకే ఆదివారం మధ్యాహ్నం మా ఆయన కొండదారులన్నీ తిరిగొచ్చి, బండిని పెరటి గోడకి ఆనించి, బూట్లు చెరో మూలకి విసిరి, "బండి చూడు" అని లోపలికి పోగానే నేను నీళ్ళ పైపు అందుకునేదాన్ని. బండి చూడు అంటే చూడ్డమే అనుకునేరు! కడగాలి, తుడవాలి, కిరోసిన్‌లో ముంచిన పాత టూత్‌బ్రష్‌తో చెయిన్‌ని లింకు లింకూ తోమాలి, నూనె పట్టించాలి. ఎయిర్ ఫిల్టర్ ఊడదీసి, ఉతికి, పిండి, ఆరేసి, దాని నూనె దానికి పట్టించి మళ్ళీ పెట్టాలి. దుమ్ము ఇంజన్లోకి పోకూడదు కదా మరి, నా ముక్కులోకి పోతే ఫరవాలేదు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అంటారు. మా ఇంట్లో తొక్కేది ఒకరు, కడిగేది ఇంకొకరు. ఈలోగా ఆయనకి స్నానం, భోజనం, ఒక కునుకు అయ్యేవి. సాయంత్రం ఫోనులో స్నేహితులకి చెప్పడం నా చెవిన పడేది: "మధ్యాహ్నమంతా బండి దగ్గరే బాసూ. నడుం పడిపోయిందనుకో." మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది. తర్వాత్తర్వాత నవ్వు రావడం కూడా మానేసింది.

ఆరేళ్ళుగా ఆ బండిలో నేను ముట్టుకోని బోల్టు లేదు. కానీ ఒక్కసారి కూడా దాని మీద కూర్చోలేదు. కొత్తలో ఒకసారి కాలెత్తబోతే ఆయన పకపకా నవ్వాడు. "నీకెందుకే ఇది? పడి కాలో చెయ్యో విరిగితే రేపు వంటెవరు చేస్తారు?" పక్కనే ఉన్న అత్తయ్యా నవ్వింది. నేనూ నవ్వాననుకుంటాను. ఏం చెయ్యను, అప్పటికి నవ్వడం ఇంకా మానలేదు.

నేను కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తాను, స్కూటరు మీద వెళ్ళొస్తాను. అద్దాలు బిగిస్తాను, ఊడిన మరలు పెడతాను. కౌంటర్ దగ్గరికొచ్చిన ప్రతివాళ్ళూ నా చేతిలో స్క్రూడ్రైవర్ చూసి కూడా "సారు లేరామ్మా?" అని అడుగుతారు. సారుకి స్క్రూడ్రైవర్ పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. పోనీలెండి. ఆ దుకాణంలోనే ఒక కిటుకు నేర్చుకున్నాను. చిన్న మర బిగించాక దాని మీద ఒక చుక్క గోళ్ళరంగు పెడితే అంత తొందరగా వదులవదు. అదే బండికీ మొదలుపెట్టాను. ప్రతి నట్టూ బిగించాక, నట్టు మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక ఎర్రగీత గీసేదాన్ని. నట్టు వెంట్రుకవాసి తిరిగినా గీత రెండు ముక్కలైపోతుంది, దూరం నుంచే కనిపిస్తుంది. ఆయన చూసి, "బండికి కూడా సోకులేనా!" అన్నాడు. అన్నాడే గాని ఆ గీతలు దేనికని అడగలేదు.

ఆయన గుంపులో అయిదారుగురు. వాళ్ళలో పెద్దాయన్ని కెప్టెన్ అంటారు. ఇంకొకాయన పళ్ళ డాక్టరు, ఆయన ఊడగొట్టుకున్నన్ని పళ్ళు ఏ పేషెంటుకీ పీకి ఉండడు. వాళ్ళకో ఆచారం ఉంది, దాన్ని దుమ్ముదులుపుడు అంటారు. ఎవరైనా గట్టిగా పడితే, మళ్ళీ అందరూ కొండెక్కే ముందు మా పెరట్లో చేరతారు. ఎవరి పొరపాటు వల్ల పడిందో వాళ్ళు, ఆ పడ్డ బండి మీద కూర్చుని, ఎలా పడిందీ అబద్ధమాడకుండా చెప్పాలి. మిగతావాళ్ళు నవ్వాలి. అంతే, కోపాలు తాపాలు అక్కడితో సరి. ఒకసారి కెప్టెన్ దారి తప్పించడం వల్ల డాక్టరు వాగులో పడితే, కెప్టెనే డాక్టరు బండెక్కి లెంపలేసుకుంటూ చెప్పాడు. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి నేనూ నవ్వాను. తప్పు ఒప్పుకునే మగవాళ్ళు ఇంతమందిని ఒకచోట చూడ్డం ముచ్చటేసింది.

ఈసారి పడింది మా ఆయన. రాళ్ళదారి మీద దిగుతుంటే చెయిన్ తెగి వెనక చక్రానికి చుట్టుకుందట. చక్రం బిగుసుకుపోయి, మనిషి ఎగిరి రాళ్ళలో పడ్డాడు. కాలర్‌ బోన్ విరిగింది. నేను ఆసుపత్రికి పరిగెత్తేసరికి గుంపంతా మంచం చుట్టూ ఉంది. అత్తయ్య కొడుకు కాళ్ళ దగ్గర కూర్చుని ఏడుస్తోంది. కెప్టెన్ అన్నాడు, "నీ బండికి చెయిన్ తెగడమేంట్రా? మాలో నీ అంత శ్రద్ధగా బండి చూసుకునేవాడు లేడు కదా!"

మా ఆయన కళ్ళు మూసుకునే జవాబు చెప్పాడు. "నేనెక్కడ చూస్తున్నా? ఆ బండి పనంతా మా ఆవిడదే."

అందరూ నా వైపు తిరిగారు. నేను కొయ్యబారిపోయాను. ఆరేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, నలుగురిలో నా పని నాదని ఆ నోట వస్తుందేమోనని నాలో ఏ మూలో ఆశ ఉండేది కాబోలు. వచ్చింది. ఇలా వచ్చింది. డాక్టరు "అయ్యో వదినా!" అన్నాడు, జాలిగా. అత్తయ్య ఏడుపాపి, "నా కొడుకు ప్రాణం నీ చేతిలో పెడితే ఇదా నువ్వు చేసేది?" అంది. ఏం చెప్పను? చెయిన్ నిజంగా నేనే వేశాను.

ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. కళ్ళు మూస్తే చెయిన్ కనిపించేది. లింకు సరిగా కూర్చోలేదా? వదులు ఎక్కువ పెట్టానా? బండితో పాటు వచ్చిన పుస్తకంలో ఉంది, చెయిన్‌కీ కింది కడ్డీకీ మధ్య మూడు వేళ్ళు పట్టేంత వదులు ఉండాలని. నిలబెట్టిన బండిలో చూస్తే చెయిన్ వేలాడుతున్నట్టే ఉంటుంది. కానీ మనిషి కూర్చుని గుంటలోకి దూకగానే చక్రం పైకి లేచి ఆ వదులంతా లాగేసుకుంటుంది. ఆ వదులు లేకపోతే తెగుతుంది. నేను ప్రతిసారీ మూడు వేళ్ళు పెట్టి చూసేదాన్ని. ఈసారి పెట్టానా? పెట్టాననే గుర్తు. కానీ గుర్తుని ఎంతవరకు నమ్మాలి? మనిషి చచ్చిపోయి ఉంటేనో?

దుకాణంలో నా చేతుల మీద నాకే నమ్మకం పోయింది. బిగించిన మరని విప్పి మళ్ళీ బిగించేదాన్ని. ఒక పెద్దావిడ కళ్ళజోడు పట్టుకుని అలా ఎంతసేపు కూర్చున్నానో, సారు వచ్చి, "ఏంటమ్మా, మొగుణ్ణి పడేసింది చాల్లేదా, ఇప్పుడు నా కస్టమర్ల అద్దాలు కూడా ఊడగొడతావా?" అని గట్టిగా నవ్వాడు. పళ్ళ డాక్టరు మా సారు దగ్గరే అద్దాలు చేయించుకుంటాడు, కబురు అలా చేరింది. ఆ పెద్దావిడ నా చేతిలోంచి కళ్ళజోడు మెల్లగా తీసేసుకుంది.

ఆ రోజు ఇంటికి రాగానే తిన్నగా పెరట్లోకి వెళ్ళాను. బండి, వాళ్ళు తెచ్చి పడేసినచోటే ఉంది, బురద ఎండిపోయి. తప్పు నాదైతే నాదని తేలిపోవాలి. ఇంక ఈ నరకం పడలేను. తడిగుడ్డతో వెనక చక్రం నట్టు ఒక్కటే తుడిచాను. ఎర్రగీత తెగి ఉంది. వదులైపోయిందన్నమాట, నేనే సరిగా బిగించలేదన్నమాట అనుకున్నాను. తర్వాత చెయిన్ బిగువు సవరించే బోల్టులు తుడిచాను, అటొకటి, ఇటొకటి. అక్కడా గీతలు తెగి ఉన్నాయి. రెండు బోల్టులూ సమానంగా తిరిగాయి, రెండూ బిగించేవైపే తిరిగాయి. కుదుపులకి బోల్టు వదులవుతుంది, నిజమే. కానీ అటూ ఇటూ ఒక్కలాగే బిగుసుకోదు. ఎవరో స్పానర్ పట్టుకుని, కూర్చుని, పనిగట్టుకుని తిప్పారు. నా మూడు వేళ్ళ వదులు మొత్తం లాగేశారు.

లోపల ఆయన దిండ్లకానుకుని ఫోను చూసుకుంటున్నాడు. చెయ్యి కట్టులో ఉంది. ఆ చేతికి చొక్కా తొడిగేదీ నేనే, అన్నం కలిపి పెట్టేదీ నేనే.

"ఏవండీ, దారిలో చెయిన్ మీరేమైనా బిగించారా?"

"ఆఁ. వాగు దగ్గర ఆగినప్పుడు చూస్తే వేలాడుతోంది. వీళ్ళెవరైనా చూస్తే నవ్వుతారని, వాళ్ళు ముందుకెళ్ళాక కాస్త లాగి బిగించా. అయితే?"

"మరి ఆసుపత్రిలో..."

"అబ్బా, అంతమందిలో ఏం చెప్పమంటావే? ఇన్నేళ్ళుగా నడుపుతున్నా, చెయిన్ బిగించడం రాలేదని చెప్పుకోనా? నా పరువేం కాను? నువ్వైతే ఇంట్లో మనిషివి. నిన్నెవరేమంటారు? రెండ్రోజులు పోతే అందరూ మర్చిపోతారు." మళ్ళీ ఫోనులోకి తల దించి, "బండి కడిగావా? ఆదివారం దుమ్ముదులుపుడికి వాళ్ళంతా వస్తారు" అన్నాడు.

తెలియక అన్నాడేమో అనుకుని ఉంటే ఎంత బాగుండేది! నొప్పిలో, మత్తులో నోరు జారాడనుకుని ఉంటే! తెలుసు. మంచం మీద కళ్ళు మూసుకుని ఉన్నప్పుడూ తెలుసు. వాళ్ళమ్మ నన్ను నానా మాటలూ అంటుంటే వింటున్నప్పుడూ తెలుసు. నేను అన్నం మానేసి తిరుగుతుంటే, నా చేతి ముద్ద తింటూ, తెలిసే ఊరుకున్నాడు. ఇన్నేళ్ళు కలిసి బతికిన మనిషి మొహం కొత్తగా చూస్తున్నట్టు చూశాను. ఏడుపు కూడా రాలేదు. "కడుగుతాలెండి" అని బయటికొచ్చాను. కడగలేదు.

ఆదివారం పొద్దున్న పెరట్లో కుర్చీలేశాం. బండి బురదతోనే ఉంది. మా ఆయన నన్ను కొరకొరా చూశాడు గాని నలుగురిలో ఏమీ అనలేక, నవ్వు మొహం పెట్టాడు. నేను టీ ట్రేతో వచ్చేసరికి ఆయన మొదలుపెట్టాడు. "ఈసారి నన్ను ఎక్కమనకండ్రా. పొరపాటు నాది కాదు, మా మెకానిక్కుది. ఇదిగో, టీ పట్టుకొస్తోంది!"

అందరూ గొల్లున నవ్వారు. కెప్టెన్ తొడ చరుచుకుని, "అయితే రూలు ప్రకారం వదినే బండెక్కి చెప్పాలి!" అన్నాడు. ఇంకా నవ్వారు. సరదాకే అన్నాడని నాకూ తెలుసు.

ట్రే తీసుకెళ్ళి మా ఆయన బాగున్న చేతిలో పెట్టాను. ఏం జరుగుతోందో తెలిసేలోపు పట్టుకున్నాడు, పట్టుకున్నాక వదల్లేడు కదా. నేను చీర కుచ్చిళ్ళు దోపుకుని బండెక్కి కూర్చున్నాను. సీటు నేననుకున్నదానికంటే గట్టిగా ఉంది. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"దిగవే, సిగ్గులేదూ!" అంది అత్తయ్య గుమ్మంలోంచి.

"తప్పెవరిదో చెప్తాను అత్తయ్యా. దానికి ముందు పనెవరిదో చెప్పాలి." ఇక ఆగకుండా చెప్పుకుపోయాను. బురద, ఫిల్టరు, టూత్‌బ్రష్, మూడు వేళ్ళ వదులు, ఎర్రగీతలు. చివరికి వాగు దగ్గర ఎవరు ఏం బిగించారో, ఎందుకు బిగించారో, ఆయన నాతో అన్న మాటలు ఆయన అన్నట్టే చెప్పాను. కెప్టెన్ వచ్చి వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. తెగిన గీతల మీద వేలు పెట్టి అటు చూశాడు, ఇటు చూశాడు, లేచి మా ఆయన్ని చూశాడు.

"ఏరా, నువ్వా బిగించింది?" అంది అత్తయ్య, అదో రకం గొంతుతో.

ఆయన ట్రేలో గ్లాసులు గలగలమన్నాయి. "ఇంట్లో మాట్లాడుకోవాల్సింది నలుగురిలో పెడతావా?" అన్నాడు నాతో.

"నలుగురిలో పెట్టింది మీరే కదండీ. నేను మిగిలిన సగం చెప్పాను."

కెప్టెన్ గొంతు సవరించుకున్నాడు. "అబ్బ, ఇన్నాళ్ళూ తెలీనే తెలీదు వదినా! ఏం పనితనం! నా బండి చెయిన్ కూడా ఎప్పుడూ గోలే. రేపు తెచ్చి ఇక్కడ పెట్టనా, తీరిగ్గా చూద్దువుగాని?" పళ్ళ డాక్టరు వెంటనే, "నా ఫిల్టరు కూడా, వదినా" అన్నాడు.

ఆసుపత్రిలో కొయ్యబారినదానికంటే ఇప్పుడెక్కువ కొయ్యబారాను. చెప్పిందంతా విన్నారు. విని, అర్థం చేసుకున్నది ఇది!

"మీ బళ్ళు చూడను," అన్నాను. "వచ్చే ఆదివారం నేనూ వస్తాను. ఈ బండి మీదే. ఆయన ఎముక అతికేదాకా ఇది ఖాళీయే కదా. కొత్త చెయిన్ నేనే వేసుకుంటాను."

కెప్టెన్ నవ్వాలో వద్దో తెలియనట్టు చూశాడు. "నువ్వు దుకాణానికి స్కూటరు మీద వెళ్ళినట్టు కాదు వదినా అది. రాళ్ళు, గుంటలు. పడతావు."

"పడతానేమో," అన్నాను హ్యాండిల్ పట్టుకుని. "పడితే వచ్చి ఇక్కడే కూర్చుంటాను. తప్పు నాదైతే నాదేనని నా నోటితో నేనే చెప్తాను."